రాణి రాంపాల్ కొట్టిన గోల్స్‌లో మీ లెక్కలో పెద్దది ఏది?

జింఖానా గాలి
24 అక్టోబరు 2024, రాత్రి 11:05

ఢిల్లీలో జర్మనీతో మగవాళ్ళ హాకీ మ్యాచ్ అయిపోయాక, మన ఆడవాళ్ళ హాకీ జట్టు మాజీ కెప్టెన్ రాణి రాంపాల్‌కి వీడ్కోలు పలికారు. ధ్యాన్‌చంద్ స్టేడియంలో, అందరి ముందూ. 28వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వరట. పద్నాలుగేళ్ళ పిల్లగా సీనియర్ జట్టులోకి వచ్చి 254 మ్యాచ్‌లు ఆడిన అమ్మాయి, ముప్పై నిండకుండానే ఆట ఆపేసింది. టీవీ కట్టేశాను గాని నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడికి వచ్చాను.

నేను తొంభైల్లో సికింద్రాబాద్‌లో బడి జట్టుకి లెఫ్ట్ హాఫ్ ఆడాను. మట్టి గ్రౌండ్. బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. మోకాలి కింద ఇప్పటికీ రెండు మచ్చలున్నాయి. పదో తరగతి అయ్యాక ఇంట్లో స్టిక్ అటక ఎక్కించేశారు. మా జట్టులో పదకొండు మందికీ అదే జరిగింది. అప్పట్లో ఆడపిల్లల హాకీ అంటే పేపర్లో చివరి పేజీలో రెండు లైన్లు. ఒక ఆడమనిషి ఆట ఆపేసిందని దేశమంతా లేచి నిలబడటం నా జన్మలో చూస్తాననుకోలేదు.

సరే, అసలు సంగతి. రాణి కొట్టిన గోల్స్‌లో ఒక్కటి ఎంచుకోమంటే మీరు ఏది ఎంచుకుంటారు? నాది చెప్పేస్తాను: 2019 నవంబరు 2, భువనేశ్వర్, అమెరికా మీద 48వ నిమిషం గోల్. అది లేకపోతే టోక్యో ఒలింపిక్స్ లేదు. టోక్యో లేకపోతే ఇవాళ ఈ పూలదండల్లో సగం లేవు.

స్కోరు పుస్తకం
25 అక్టోబరు 2024, ఉదయం 6:40

ఒప్పుకోను. భువనేశ్వర్ గోల్ కళ్ళకు కనిపించే గోల్. అందరూ టీవీలో చూశారు కాబట్టి అందరికీ గుర్తుంది. దానికన్నా ముందు, 2015లో బెల్జియంలోని ఆంట్వర్ప్‌లో ఐదో స్థానం కోసం జపాన్‌తో ఆడిన మ్యాచ్ తీయండి. 1-0తో గెలిచాం, ఆ ఒక్కటీ రాణిదే. ఆ ఐదో స్థానం వల్లే తర్వాత యూరప్ పోటీల లెక్కలన్నీ తేలాక రియో బెర్తు వచ్చింది. 1980 మాస్కో తర్వాత మన ఆడవాళ్ళు ఒలింపిక్స్‌కి వెళ్ళడం అదే. మధ్యలో 36 ఏళ్ళు. ఒక తరం ఆడి, రిటైరై, పిల్లల్ని కని, ఆ పిల్లలూ పెద్దవాళ్ళైపోయే కాలం.

మూసుకున్న తలుపు మొదటిసారి తెరవడం ఒకటి, తెరిచిన తలుపులోంచి రెండోసారి నడవడం ఒకటి. నా ఓటు ఆంట్వర్ప్‌కే.

జింఖానా గాలి
25 అక్టోబరు 2024, ఉదయం 7:15

తలుపు మాట బాగుంది. కానీ రియోలో ఏం జరిగిందో కూడా చెప్పండి. జపాన్‌తో 2-2 డ్రా, మిగతావన్నీ ఓటములు. ఆస్ట్రేలియా 6-1, అర్జెంటీనా 5-0. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. అడుగు పెట్టాం, అంతే.

స్కోరు పుస్తకం
25 అక్టోబరు 2024, ఉదయం 7:32

ఆ 2-2లో మొదటి గోల్ ఎవరిదండీ? రాణిదే. 36 ఏళ్ళ తర్వాత ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్ళ మొదటి గోల్. దెబ్బలు తినకుండా ఎవరూ గట్టిపడరు. రియోలో ఆరు గోల్స్ కొట్టిన ఆస్ట్రేలియాని ఐదేళ్ళ తర్వాత టోక్యో క్వార్టర్స్‌లో 1-0తో ఇంటికి పంపాం.

ఇచ్ఛాపురం రైలు
25 అక్టోబరు 2024, ఉదయం 9:50

భువనేశ్వర్ గోల్ పడినప్పుడు నేను కళింగ స్టేడియంలో ఉన్నాను. చెప్పకుండా ఉండలేను.

మాకు భువనేశ్వర్ విశాఖ కంటే దగ్గర. మా తమ్ముడూ నేనూ బరంపురం దాకా బస్సులో వెళ్ళి అక్కడ రైలెక్కాం. ముందురోజు మొదటి మ్యాచ్‌లో 5-1తో గెలిచాం కదా, రెండో రోజు పండగే అనుకుని వెళ్ళాం. తమ్ముడు జెండా కొన్నాడు, ముఖానికి రంగు వేయించుకున్నాడు.

ఐదో నిమిషంలో ఒకటి పడింది. సరేలే అనుకున్నాం. పద్నాలుగులో రెండోది. ఇరవైలో మూడోది. ఇరవై ఎనిమిదిలో నాలుగోది. హాఫ్ టైమ్‌కి 4-0. రెండు మ్యాచ్‌లూ కలిపి 5-5. అంతమంది జనం ఉన్న స్టేడియంలో మా ముందు వరుసలో ఒక పెద్దావిడ పాన్ డబ్బా మూత పెట్టిన టిక్‌మన్న చప్పుడు వినిపించింది నాకు. అంత నిశ్శబ్దం.

మూడో క్వార్టర్‌లో గోల్ రాలేదు. కానీ మనవాళ్ళు బంతిని వదలడం లేదని పైనుంచి తెలుస్తోంది. నాలుగో క్వార్టర్ మొదలైన మూడు నిమిషాలకు గోల్ ముందున్న సర్కిల్లో గుంపు. స్టిక్‌లు, కాళ్ళు, తడి టర్ఫ్ మీద నీళ్ళ తుంపర. ఆ గుంపులోంచి గోల్ లోపలి బోర్డు మీద బంతి తగిలిన చప్పుడు. ఎవరు కొట్టారో నాకు కనిపించలేదు. రాణి చేతులు చాచి పరుగెత్తుతుంటే అప్పుడు తెలిసింది.

ఇక పన్నెండు నిమిషాలు. ఇంకొక్క గోల్ పడితే షూటౌట్. తమ్ముడు జెండాని రెండు చేతులతో పిండుతూనే ఉన్నాడు. హూటర్ మోగాక చూస్తే దాని రంగు అరచేతులకు అంటుకుంది.

డల్లాస్ గోంగూర
25 అక్టోబరు 2024, ఉదయం 10:20

ఒక సందేహం. నాకు ఆట కొత్త. రెండో మ్యాచ్ 1-4తో ఓడిపోయి కూడా ఎలా వెళ్ళాం?

స్కోరు పుస్తకం
25 అక్టోబరు 2024, ఉదయం 10:31

రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారండి. మనవి 5+1=6, వాళ్ళవి 1+4=5. ఆ ఒక్క గోల్ తేడానే టోక్యో టికెట్.

బోర్డు ముక్క
25 అక్టోబరు 2024, ఉదయం 11:45

నేను రాష్ట్ర స్థాయిలో అంపైరింగ్ చేస్తాను. సర్కిల్లో అలాంటి గుంపు ఏర్పడినప్పుడు చాలామంది ఫార్వర్డ్‌లు బంతిని చూస్తారు. రాణి ఖాళీని చూస్తుంది. బంతి తన దగ్గరికి రాకముందే తన పాదాలు గోల్ వైపు తిరిగి ఉంటాయి. ఇది పాత వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వెనక్కి తిరిగి బంతి ఆపి, మళ్ళీ తిరిగి కొట్టడానికి పట్టే సమయం ఆమెకు అక్కర్లేదు. సర్కిల్లో ఆ అరసెకనే ఆస్తి.

ఇంకో మాట. కెప్టెన్ అయ్యాక ఆమె ఆట మారింది. ముందు గోల్ దగ్గరే కాచుకుని ఉండేది. తర్వాత్తర్వాత వెనక్కి, మిడ్‌ఫీల్డ్ దాకా దిగి బంతి తీసుకుని ముందున్న చిన్నపిల్లలకు అందించడం మొదలుపెట్టింది. టోక్యోలో మీరు గోల్స్ పట్టిక చూస్తే రాణిది నెదర్లాండ్స్ మీద ఒక్కటే. వందన దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది, గుర్జీత్ పెనాల్టీ కార్నర్లు వేసింది, నవనీత్ ఐర్లాండ్ మీద చివర్లో కొట్టింది. పట్టిక చూసి రాణి ఏం చేసిందని అడిగేవాళ్ళకి ఆట తెలియదు.

పీఈటీ మాస్టారు
25 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:10

ఇంతమంది హాకీ గురించి మాట్లాడుకుంటుంటే సంతోషంగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా రాయలసీమలో ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను.

నా ఎంపిక మీ ఇద్దరిదీ కాదు. 2010, అర్జెంటీనాలోని రొసారియో. ప్రపంచ కప్. రాణికి పదిహేనేళ్ళు. ఏడు గోల్స్ కొట్టింది, టోర్నీలో ఉత్తమ యువ క్రీడాకారిణి అయింది. జట్టుగా మనం తొమ్మిదో స్థానంలో ఆగిపోయాం, అది వేరే. ఆ ఏడింటిలో ఏది అని అడగకండి, ఏడూ ఒకటే నాకు.

ఎందుకంటే ఆ ఏడాది పేపర్లో వచ్చిన ఆమె ఫొటో కత్తిరించి మా బడి స్టోరు రూము తలుపుకి అంటించాను. పిల్లలు రోజూ ఆ తలుపు తీసే బంతులు తెచ్చుకునేవాళ్ళు. రాణిది హర్యానాలో షాబాద్ మార్కండ అనే ఊరు, తండ్రి బండి తోలి బతికేవాడు, ఇంట్లో గడియారం లేదు. తెల్లవారుజామున ప్రాక్టీసుకి లేపడానికి తల్లి ఆకాశం చూస్తూ మేలుకుని ఉండేదని రాణే చెప్పింది. కోచ్ బల్‌దేవ్ సింగ్ గారు అకాడమీకి వచ్చే పిల్లలందరినీ అర లీటరు పాలు తెచ్చుకుని తాగాలనేవారు. ఇంట్లో రెండు వందల మిల్లీలీటర్లకే స్తోమత. మిగతాది నీళ్ళు కలుపుకుని తాగేది.

ఈ పాల సంగతి నేను మా పిల్లలకు చెప్పినప్పుడు ఎవరూ ‘అయ్యో’ అనలేదు. ఒక అమ్మాయి లేచి, ‘సార్, మా ఇంట్లో టీకి కూడా అంతే’ అంది. వాళ్ళకి అది కష్టాల కథ కాదు, తెలిసిన ఇల్లు. నేను అప్పటిదాకా ఆ కథని తప్పుగా చెబుతున్నానని ఆరోజు అర్థమైంది. జాలి పడమని చెబుతున్నాను. వాళ్ళకు కావాల్సింది ఆ పాలు తాగాక ఆమె ఏం చేసిందన్నది.

జింఖానా గాలి
25 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, ఈ ఒక్క పోస్టు కోసమే ఈ చర్చ మొదలుపెట్టాననిపిస్తోంది. ఆ ఫొటో ఇంకా ఉందా?

పీఈటీ మాస్టారు
25 అక్టోబరు 2024, మధ్యాహ్నం 2:05

తలుపు మార్చేశారమ్మా. ఫొటో ముందే వెలిసిపోయింది. స్టిక్ ఒకటి మాత్రం పిల్లల ఆటోగ్రాఫులతో మా ఇంట్లో ఉంది.

శేషాచలం అంచు
25 అక్టోబరు 2024, సాయంత్రం 4:30

అందరూ రాణి రాణి అంటా ఉన్నారు, నాకూ ఇష్టమే. కానీ తెలుగువాళ్ళ చర్చలో మన రజని పేరు ఇంతసేపూ రాకపోవడం నాకు కష్టంగా ఉండాది.

ఎతిమరపు రజని. పాత చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం, యనమలవారిపల్లె. నాన్న వడ్రంగి. గోల్‌కీపర్. 2017లో జపాన్‌లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది, 2018 లండన్ ప్రపంచ కప్ జట్టులో ఉంది, జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో ఉంది, భువనేశ్వర్‌లో అమెరికా మీద ఆడిన జట్టులో కూడా ఉంది. రియోకీ టోక్యోకీ స్టాండ్‌బై గోల్‌కీపర్. మొదటి గోల్‌కీపర్ సవిత అంత గొప్పగా ఆడతా ఉంటే రెండో గోల్‌కీపర్‌కి నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయి? ఫార్వర్డ్‌ని ఐదు నిమిషాలకోసారి మారుస్తారు. గోల్‌కీపర్‌ని మార్చరు. ఆ బరువైన ప్యాడ్లు కట్టుకుని, రోజంతా ప్రాక్టీసులో రాణి, వందన, గుర్జీత్ కొట్టే బంతులకు అడ్డం నిలబడి, మ్యాచ్ రోజు బెంచీ మీద కూర్చోవాలి.

అందుకే నేనొకటి అడుగుతా. రాణి గోల్స్ ఎన్నో అందరూ లెక్క వేసుకుంటారు. ప్రాక్టీసులో రాణి కొట్టిన వేల బంతుల్ని ఆపింది ఎవరు? సవితతో పాటు మా రజని.

బోర్డు ముక్క
25 అక్టోబరు 2024, సాయంత్రం 5:00

నూటికి నూరు శాతం నిజం. గోల్‌కీపర్ ప్రాక్టీసు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పెనాల్టీ కార్నర్ ప్రాక్టీసంటే డ్రాగ్ ఫ్లిక్, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్లోకి విసరడం, వేసే అమ్మాయి ఒక్కరే అనుకుంటాం. ఆమె వంద వేస్తే గోల్లో నిలబడ్డ అమ్మాయి వందకీ పడి లేవాలి. కిందనుంచి మోకాళ్ళ మీదకు, పైనుంచి తల పక్కకు. మెదడు అలసిపోయేది ముందు. రెండో గోల్‌కీపర్ లేకపోతే మొదటి గోల్‌కీపర్ ఆ పనితోనే మ్యాచ్‌కి ముందే సగం అయిపోతుంది.

శేషాచలం అంచు
25 అక్టోబరు 2024, సాయంత్రం 5:25

థ్యాంక్స్ అన్నా. ఇంకొకటి కూడా చెప్పాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో కాంస్యం వచ్చిన జట్టులో సవిత, రజని ఇద్దరూ ఉన్నారు. ఈ ఏడాది జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్, అదే జట్టుకి ఐదుగురు ఆడే హాకీ, ప్రపంచ కప్ జరిగింది చూడండి, మన ఆడవాళ్ళ జట్టుకి కెప్టెన్ రజనే. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడిపోయి వెండి తెచ్చారు. అదే నెలలో రాంచీలో మన పెద్ద జట్టు జపాన్ చేతిలో 1-0తో ఓడి పారిస్ ఒలింపిక్స్ పోగొట్టుకుంది కాబట్టి ఎవరూ మస్కట్ వైపు చూడలా. ఇన్నేళ్ళు వెనక కూర్చున్న మనిషి ముందు నడిచి వెండి తెస్తే మా వైపు నాలుగు టపాకాయలన్నా కాల్చి ఉండాల్సింది.

టోక్యో అయ్యాక మన రాష్ట్ర ప్రభుత్వం రూ. 25 లక్షలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. అది మంచి పనే, కాదనను.

జింఖానా గాలి
25 అక్టోబరు 2024, రాత్రి 8:15

నా తప్పే. ప్రశ్న ‘గోల్స్’ అని పెట్టేసరికి కాపాడినవాళ్ళు బయటికి పోయారు. నేనూ డిఫెన్స్‌లో ఆడినదాన్నే, నాకైనా తట్టాల్సింది.

డల్లాస్ గోంగూర
25 అక్టోబరు 2024, రాత్రి 9:40

నేను హాకీ చూడటం మొదలుపెట్టిందే టోక్యోతో. ఆస్ట్రేలియాతో క్వార్టర్ ఫైనల్ మాకు ఆదివారం రాత్రి పది గంటలకు వచ్చింది. మా అత్తగారు వచ్చి ఉన్నారు అప్పుడు. ఆవిడకి ఆట తెలియదు, ఇంగ్లిష్ కామెంటరీ అర్థం కాదు. గుర్జీత్ గోల్ పడ్డాక ఆవిడ సోఫాలోంచి కిందకి దిగి టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆస్ట్రేలియావాళ్ళు బంతి తెచ్చినప్పుడల్లా ‘ఆ తల్లి ఉంది, ఆపుతుందిలే’ అనేవారు, సవిత గురించి. ఆపింది. తొమ్మిది సార్లు.

కాంస్యం మ్యాచ్‌లో బ్రిటన్‌తో 2-0 వెనకబడి, 3-2 ముందుకొచ్చి, 4-3తో ఓడిపోయినప్పుడు పిల్లలందరూ టర్ఫ్ మీద కూలబడి ఏడుస్తుంటే ఆవిడా ఏడ్చారు. మర్నాడు ఇండియాకి ఫోన్ చేసి చెల్లెలితో ‘మన పిల్లలు నాలుగో స్థానం వచ్చారే’ అన్నారు. ‘మన పిల్లలు’ అన్నారు.

గోల్ ఎంచుకునే అర్హత నాకు లేదు. టోక్యోలో నెదర్లాండ్స్ మీద రాణి కొట్టిందే నేను చూసిన మొదటి హాకీ గోల్. నాది అదే అనుకోండి.

స్కోరు పుస్తకం
25 అక్టోబరు 2024, రాత్రి 10:10

అర్హత ప్రశ్నే లేదండీ. అది పెద్ద గోలే. ఆ నిమిషానికి ప్రపంచ చాంపియన్లతో 1-1.

పరుగు ఆపనిది
26 అక్టోబరు 2024, ఉదయం 8:20

అందరూ గెలిచినవే చెబుతున్నారు. లండన్ 2018 చెప్పుకోకుండా రాణి కెరీర్ పూర్తి కాదు. ప్రపంచ కప్‌లో అమెరికాతో 1-0 వెనకబడి ఉన్నాం, ఓడితే ఇంటికే. రాణి సమం చేసింది, 1-1. ఆ ఒక్క గోల్‌తో బతికాం, ఇటలీని 3-0తో కొట్టి క్వార్టర్స్‌కి వెళ్ళాం. అక్కడ ఐర్లాండ్‌తో 0-0. షూటౌట్‌లో మనవాళ్ళలో రీనా ఖోఖర్ ఒక్కతే వేసింది. కెప్టెన్ రాణి మొదట వెళ్ళి వేయలేకపోయింది.

షూటౌట్ అంటే ఎనిమిది సెకన్లు. 23 మీటర్ల గీత దగ్గరనుంచి ఒక్కదానివే గోల్‌కీపర్ మీదకు వెళ్ళాలి. అంతకు తొమ్మిది నెలల ముందు జపాన్‌లోని కకమిగహరాలో ఆసియా కప్ ఫైనల్లో చైనా మీద షూటౌట్ 5-4తో గెలిచినప్పుడు ఆఖరున వేసింది రాణే, ఆ వెంటనే ఆపింది సవిత. పదమూడేళ్ళ తర్వాత ఆసియా కప్. అదే మనిషి, అవే ఎనిమిది సెకన్లు. ఒకచోట కప్పు, ఇంకోచోట కన్నీళ్ళు.

అందుకే నా ఎంపిక లండన్‌లో అమెరికా మీద గోల్. దాని తర్వాత ఏం జరిగిందన్నదానితో సంబంధం లేకుండా.

జింఖానా గాలి
26 అక్టోబరు 2024, ఉదయం 9:05

అమెరికా మీద 2018లో ఒకటి, 2019లో ఒకటి. రెండుసార్లూ జట్టు అంచున నిలబడి ఉన్నప్పుడు కెప్టెన్ స్టిక్కే. నా వాదన ఇంకాస్త బలపడింది.

స్కోరు పుస్తకం
26 అక్టోబరు 2024, ఉదయం 9:12

ఆంట్వర్ప్‌లో కూడా అంతే కదండీ. మూడుసార్లు అనండి.

బోర్డు ముక్క
26 అక్టోబరు 2024, మధ్యాహ్నం 12:30

చివరి మూడేళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. టోక్యో తర్వాత తొడ కండరం గాయం, చాలాకాలం బయట ఉండిపోయింది. 2022 జూన్‌లో ప్రో లీగ్‌కి తిరిగి వచ్చింది, ఆ ఏడాది ప్రపంచ కప్ జట్టులో పేరు లేదు, కామన్వెల్త్ జట్టులోనూ లేదు. గుజరాత్ జాతీయ క్రీడల్లో హర్యానా తరఫున గోల్స్ దంచింది. 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకి తీసుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ పిలుపు లేదు.

ఎవరిది తప్పు అన్న తీర్పు నేను ఇవ్వను. ఎంపిక గదిలో నేను లేను. కానీ ఒక ఆటగత్తె నోటితో ‘నేను బాగున్నాను, ఆడగలను’ అంటూ ఏడాదిన్నర ఎదురుచూడటం అంపైరుగా నాకు బాధ కలిగించింది. విజిల్ ఊదితే ఆట ఆగిందని తెలుస్తుంది. ఇక్కడ విజిల్ వినపడలేదు. అందుకే మొన్నటి వీడ్కోలు అంత అవసరమైంది.

పీఈటీ మాస్టారు
26 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:15

సరిగ్గా చెప్పారు. జిల్లా స్థాయిలో మా పిల్లలకూ అదే జరుగుతుంది. జాబితాలో పేరు ఉండదు, ఎందుకో ఎవరూ చెప్పరు. ‘మోకాలు బలపడాలి, ఆరు నెలల తర్వాత రా’ అని ఒక్క మాట చెబితే ఆ పిల్ల ఆరు నెలలు పరుగెత్తుతుంది. ఏమీ చెప్పకపోతే స్టిక్ అమ్మేస్తుంది. నా కళ్ళముందు ఇద్దరు అమ్మేశారు.

కొత్త అమ్మ
26 అక్టోబరు 2024, సాయంత్రం 6:50

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఇంతవరకు చదవడమే, రాయలేదు. మాది కాకినాడ. మా పాపకి పదేళ్ళు. 2023లో సీనియర్ ఆడవాళ్ళ జాతీయ పోటీలు మా ఊళ్ళోనే జరిగాయి కదా, వాళ్ళ నాన్న తీసుకెళ్ళి చూపించారు. అప్పటినుంచీ వదలడం లేదు. ఈ చర్చ మొత్తం నిన్న రాత్రి దానికి చదివి వినిపించాను. పాలల్లో నీళ్ళు కలిపిన చోట రెండుసార్లు చదివించుకుంది.

ఇద్దరు చుట్టాలు ‘నల్లబడిపోతుంది, పళ్ళు రాలతాయి’ అంటున్నారు. మా ఆయనకీ నాకూ నేర్పించాలనే ఉంది. ఖర్చు ఎంతవుతుంది, ఏం కొనాలి, ఎవరైనా చెబుతారా? ఇంకో భయం, పాపది ఎడమచేతి వాటం. ఎడమచేతి స్టిక్‌లు ఎక్కడ దొరుకుతాయి?

జింఖానా గాలి
26 అక్టోబరు 2024, రాత్రి 7:20

అమ్మా, పళ్ళకి మౌత్ గార్డ్ ఉంటుంది, కాళ్ళకి షిన్ గార్డ్ ఉంటుంది. మా రోజుల్లో ఈ రెండూ లేవు, అయినా నా పళ్ళన్నీ నా దగ్గరే ఉన్నాయి. చుట్టాలకి నా పేరు చెప్పండి.

ఎడమచేతి సంగతి మాస్టారు చెబుతారు.

పీఈటీ మాస్టారు
26 అక్టోబరు 2024, రాత్రి 8:00

అమ్మా, హాకీలో ఎడమచేతి స్టిక్ అనేది ఆటలోనే లేదు. ప్రపంచమంతా ఒకటే రకం. చదునుగా ఉన్న వైపుతోనే బంతి ఆడాలి, గుండ్రంగా ఉన్న వెనక వైపు తగిలితే ఫౌల్. భయపడాల్సింది ఏమీ లేదు. స్టిక్ పై భాగాన్ని పట్టుకునేది ఎడమచెయ్యే. తిప్పడం, స్టిక్‌ని తలకిందులు చేసి రివర్స్‌కి మార్చడం అంతా ఆ చేతి మణికట్టు పనే. కుడిచెయ్యి కింద ఊతం ఇస్తుంది. ఎడమచేతి పిల్లలు మొదటి నెల తికమకపడతారు, తర్వాత వాళ్ళ డ్రిబ్లింగ్ నేర్పకుండానే బాగుంటుంది. నా చేతిలో అలాంటి పిల్లలు నలుగురు వచ్చారు.

కొనేటప్పుడు ఖరీదైన కార్బన్ స్టిక్ వద్దు. చెక్కది చాలు, ముందు అది విరిగేదాకా ఆడనివ్వండి. రాణి మొదట నేర్చుకున్నది విరిగిన స్టిక్‌తోనే అని ఆమే చెప్పింది. మీ పాపకి అంత అవసరం రాకూడదు గాని, ఖరీదైన స్టిక్ వల్ల ఆట రాదు. షిన్ గార్డ్, మౌత్ గార్డ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బూట్లు మామూలు పరుగు బూట్లు సరిపోతాయి. మీ ఊళ్ళో గ్రౌండ్‌కి సాయంత్రం వెళ్ళి ఎవరు నేర్పుతున్నారో రెండు రోజులు గట్టు మీద కూర్చుని చూడండి. పిల్లల మీద అరిచే చోట కాకుండా, తప్పు చేసిన పిల్లకి మళ్ళీ చేసి చూపించే చోట చేర్చండి.

శేషాచలం అంచు
26 అక్టోబరు 2024, రాత్రి 8:30

గోల్‌కీపర్ అవుతానంటే కాదనకండి అక్కా. చానామంది తల్లులు అక్కడే భయపడతారు.

ఇచ్ఛాపురం రైలు
27 అక్టోబరు 2024, ఉదయం 7:00

మా తమ్ముడికి ఈ చర్చ చూపించాను. ఆ జెండా ఇంకా దాచుకున్నాడు. చక్రం రంగు కాస్త పోయింది, మిగతాది బాగుంది. వాడి ఓటు కూడా భువనేశ్వర్‌కే, చెప్పమన్నాడు.

జింఖానా గాలి
27 జనవరి 2025, ఉదయం 10:15

మూడు నెలల తర్వాత పైకి తెస్తున్నాను. నిన్న రాంచీలో ఆడవాళ్ళ హాకీ ఇండియా లీగ్ మొదటి ఫైనల్ అయింది. ఒడిశా వారియర్స్ 2-1తో సూర్మా మీద గెలిచింది. సూర్మా ఆడవాళ్ళ జట్టుకి మెంటర్, కోచ్ మన రాణే. ఆడవాళ్ళకి ఒక లీగ్, వేలంలో ధర, విదేశీ అమ్మాయిలతో ఒకే జట్టులో ఆడటం, ఇవన్నీ ఆమె ఆడే రోజుల్లో వచ్చుంటే ఎలా ఉండేదో అని మ్యాచ్ అంతా అదే ఆలోచన. ఓడినందుకు బాధేసింది.

కొత్త అమ్మగారూ, పాప ఎలా ఉంది?

కొత్త అమ్మ
27 జనవరి 2025, రాత్రి 9:30

నవంబరు నుంచి వెళ్తోంది అక్కా. మాస్టారు చెప్పినట్టే రెండు రోజులు గట్టు మీద కూర్చుని చూశాకే చేర్చాం. మొదటి నెల నిజంగానే తికమకపడింది, కుడిచేత్తో లాగేసేది. ఇప్పుడు ఎడమ మణికట్టు తిప్పుతుంటే వాళ్ళ సార్ మిగతా పిల్లల్ని పిలిచి చూపించారట. బజారులో కొన్న స్టిక్ పొడవైపోయింది, పొట్టకి తగులుతోంది. 36 అంగుళాలది ఇచ్చారు. పాప ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు. ఎంతది తీసుకోవాలి మాస్టారూ?

పీఈటీ మాస్టారు
27 జనవరి 2025, రాత్రి 10:05

36 పెద్దవాళ్ళదమ్మా. 32 గాని 33 గాని అడగండి. స్టిక్ కింద ఆనించి నిలబెడితే పై కొన తుంటి ఎముక దాకా రావాలి, అంతకు మించకూడదు. పాతది పారెయ్యకండి, రెండు మూడేళ్ళలో దానికే వస్తుంది.